మమత గిటారుకు సింహాయం

కలలో సోమనర్సయ్యకు అన్నీ వినబడతాయి. బావి గిలక కిర్రుమనడం, భార్య కట్టమ్మ గాజులు గిన్నె అంచుకు తగలడం, వాకిట్లో పిచ్చుకల లొల్లి, ఏడేళ్ల మమత ఏదో పాడుకుంటూ చెక్కపొట్టు కుప్పలో దొర్లడం. కలలో మమత ఎప్పుడూ ఏడేళ్ల పిల్లే. అసలు మమతకు ఇరవై ఆరు నిండాయి. జనగామలో ఒక ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుంటుంది, శనివారం సాయంత్రం బస్సెక్కి పాలకుర్తికి ఇంటికొస్తుంది. కానీ పెద్దయిన కూతురి గొంతు ఎట్లా ఉంటుందో తండ్రికి తెలియదు. తెలియని గొంతును పాపం కల మాత్రం ఎక్కడినుంచి తెస్తుంది? పాతదానితోనే సరిపెడుతుంది. తెల్లవారి కళ్లు తెరవగానే చెవుల్లో దూది కుక్కినట్టు నిశ్శబ్దం. అప్పుడు ఆయన లేవడు. పోతున్న కలను కొంగు పట్టుకుని ఆపినట్టు కాసేపు అట్లాగే పడుకుంటాడు.

పుట్టుచెవిటివాడేం కాదు. వడ్ల సోమనర్సయ్య అంటే చుట్టుపక్కల ఊళ్లలో పేరున్న పనివాడు. తలుపులు, దర్వాజాలు, మంచాలు, నాగళ్లు ఆయన చేతిలో తయారయ్యేవి. చెక్కను నునుపు చేసే రందా పడుతున్నప్పుడు ఏదో కూనిరాగం తీసేవాడు. దానికి మాటల్లేవు, పేరు లేదు, ఎవరు నేర్పారో ఆయనకే తెలియదు. రందా ముందుకు పోతే రాగం పైకి, వెనక్కి వస్తే కిందికి. తర్వాత నాగళ్లకు కాలం చెల్లింది, ఇనుప తలుపులు దిగాయి, పని సన్నగిల్లింది. మమతకు ఏడేళ్లప్పుడు ఆయన భూపాలపల్లి పోయి ఒక సామిల్లులో చేరాడు. పగలంతా రంపం మిషను పక్కన నిలబడి మొద్దులు కోయించడమే పని. ఆ మిషను అరుపు అరుపు కాదు, మెదడులో మేకు దించినట్టే. చెవులకు ఏదన్నా అడ్డం పెట్టుకొమ్మని చెప్పినవాడూ లేడు, చెబితే వినేవాడు ఈయనా కాదు. ముందు సన్నని చప్పుళ్లు పోయాయి. పిట్టలు, గాజులు, ఆడవాళ్ల మాటలు. ఉరుము, ట్రాక్టరు, డప్పు మాత్రం మిగిలాయి. దవాఖానలో చెవి మిషను ఇచ్చారు. పెట్టుకుంటే ఊళ్లో వాళ్లందరూ ఒక్కసారే పళ్లాలు కింద పడేసినట్టుందని తీసి గూట్లో పారేశాడు. పాలకుర్తికి తిరిగొచ్చి మళ్లీ వాకిట్లో రందా పట్టుకున్నాడు. తనకే వినబడని కూనిరాగాన్ని మాత్రం మళ్లీ ఎత్తుకోలేదు.

చెవులు పోయాక ఆయనకు ఒక కొత్త అలవాటు వచ్చింది. పనివాడన్నవాడు కట్టెను కొట్టి చూసి కొంటాడు. లోపల పురుగు తిన్నదా, పచ్చిగా ఉందా అనేది ఆ చప్పుడే చెబుతుంది. చప్పుడు వినబడని సోమనర్సయ్య, కట్టె అంచుకు దవడ ఆనించి రెండో చివర వేళ్లతో కొట్టేవాడు. ఆ మోత ఎముకలోంచి ఎక్కి తలలోకి వచ్చేది. చూసేవాళ్లకు మాత్రం ముసలాయన కట్టెను కొరుకుతున్నట్టే ఉండేది. నవ్వేవాళ్లు నవ్వారు. ఆయన పట్టించుకోలేదు.

మమతకు ఎడమచేతి వాటం. చిన్నప్పుడు కట్టమ్మ ఆ చేతిని మాన్పించాలని చెయ్యని ప్రయత్నం లేదు, అది మానలేదు. జనగామలో గ్రేస్ అనే స్నేహితురాలు పెట్టిన పాటల బృందంలో చేరాక మమత బేస్ గిటారు పట్టింది. మామూలు గిటారు కన్నా పొడుగ్గా, నాలుగే నాలుగు లావు తీగలతో ఉండే గిటారది. పాటలో ముందుకు రాదు, అడుగున ఉండి మొత్తాన్ని మోస్తుంది. గ్రేస్ దగ్గరున్నది కుడిచేతివాళ్లది కాబట్టి మమత దాన్ని తలకిందులుగా పట్టుకుని తిప్పలు పడుతూ వాయించేది.

ఒక ఆదివారం ఆ గిటారును, చిన్న స్పీకరు బాక్సును ఇంటికి తెచ్చింది. లోపలి గదిలో పెట్టి మీటింది. బయట పీట మీద కూర్చుని ఉలి నూరుతున్న సోమనర్సయ్య చెయ్యి ఆగిపోయింది.

"గిదేంది? పీటల మోగుతున్నది," అన్నాడు.

కట్టమ్మ చేతిలో చేట అట్లాగే పట్టుకుని నిలబడిపోయింది. మమత గదిలోంచి వచ్చి తండ్రి ముఖం చూసింది. తర్వాత గిటారు తెచ్చి, ఆయన దవడను దాని ఒంటి మీంచి పొడుచుకొచ్చిన కొమ్ముకు ఆనించి మళ్లీ మీటింది. మోత వచ్చింది కానీ బొంత కింద ఎవరో మాట్లాడినట్టు ముద్దగా వచ్చింది. సోమనర్సయ్య గిటారును తిరగేసి, అంచు గీకి చూసి ముఖం చిట్లించాడు.

"ప్లైవుడ్డు," అన్నాడు. "దీని మీద గింత మందం పాలిష్ కొట్టిన్రు. గిది ఏడ మాట్లాడుతది? నీకు నేను చేస్త బిడ్డా. నీ ఎడమచేతికి చేస్త."

పైకి అన్నది అంతే. లోపల అనుకున్నది వేరు. మేలుకుని ఉండగా, ఒక్కసారి, బిడ్డను వినాలి. కలలోని పిల్లను కాదు, ఈ పిల్లను. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోయినా కట్టమ్మకు తెలిసింది. ముప్పై ఏళ్లకు పైగా ఆయన ముఖం చదివిన మనిషికి తెలియకుండా ఎట్లా ఉంటుంది?

మమత ఫోన్‌లో ఏవేవో విదేశీ కట్టెల పేర్లు చూపించింది. "గా చెట్లు నాకెర్క లేవు, నాకెర్కున్న చెట్టుతోనే చేస్త," అని ఫోన్ పక్కకు నెట్టాడు. గిటారు ఒంటికి తేలికగా ఉండాలి, మోత పట్టుకోవాలి. టేకు బరువు. వేప మొరాయిస్తుంది. మామిడి దవడకు ఆనిస్తే మూగగా ఉంది. చివరికి గూడూరు దగ్గర తండాలో ఉండే పాత పరిచయస్తుడు వాల్యా గుర్తొచ్చాడు. వాల్యా చేనిగట్టు మీద గుమ్మడిటేకు చెట్టొకటి ఎప్పుడో గాలివానకు పడిపోతే, దాని దూలాన్ని కొట్టంలో అరుగులా వేసుకుని కూర్చుంటున్నాడు. ఏళ్ల తరబడి మనుషులు కూర్చుని కూర్చుని ఆరిన కట్టె.

మమతను వెంటబెట్టుకుని పోయిన సోమనర్సయ్య ఆ దూలం పక్కన మోకాళ్ల మీద కూర్చుని దవడ ఆనించాడు.

"కొరికి చూస్తున్నవేంది మేస్త్రీ, చెరుకా?" అన్నాడు వాల్యా.

సోమనర్సయ్యకు ఆ మాట వినబడలేదు. రెండో చివర మమత వేలితో కొట్టింది. ఆయన కళ్లు మూసుకున్నాడు. దూరంగా, చాలా దూరంగా ఎవరో 'ఊఁ' కొట్టినట్టు ఒక మోత తలలోకి వచ్చి, వెంటనే పోకుండా కాసేపు అక్కడే తచ్చాడింది. ఆయన లేచి మోకాళ్లు దులుపుకున్నాడు. అరుగు పోయిందని వాల్యా భార్య మంగ్లీ మూతి ముడుచుకుంది. దానికి బదులుగా మంచి బల్ల చేసి పంపుతానని ఒప్పుకున్నాకే దూలం ఆటో ఎక్కింది.

మెడకు టేకు. అది ఆయన దగ్గరే ఉంది, నరం తిన్నగా ఉన్న చెక్క. తీగల లాగుడుకు మెడ వంగకుండా లోపల ఇనుప కడ్డీ పెట్టాలని మమత పట్టుపట్టింది. నా చేతి టేకు వంగుతుందా అని ఆయనకు కొంచెం రోషం వచ్చినా కడ్డీ పెట్టాడు. తీగలు ఆనే రెండు చోట్లా పెంబర్తిలో పోయించిన ఇత్తడి ముక్కలు పెట్టాడు. తీగలు బిగించే బిరడాలు, తీగల మోతను స్పీకరుకు పంపే అయస్కాంతపు పికప్, తీగలు హైదరాబాద్ నుంచి పార్సిల్‌లో వచ్చాయి. ఇక వేళ్లు నడిచే పలక మిగిలింది. దానికి గట్టి కట్టె కావాలి. సోమనర్సయ్య మంచం కింద చెయ్యి పెట్టి గుడ్డలో చుట్టిన నల్లని జిట్రేగి చెక్కను తీశాడు. సామిల్లులో కోసిన ఆఖరి మొద్దులో మిగిలిన ముక్క అది.

కట్టమ్మ ఆయన ఎదురుగా వచ్చి, పెదాలు కనబడేలా నిలబడి అంది: "నీ చెవులు తిన్న కట్టె గది. బిడ్డ గిటారుకు పెడ్తవా?"

"తిన్నది కక్కిస్త," అన్నాడు.

ఆ పలకకు అడ్డంగా సన్నని మెట్లు దిగగొట్టాలి. వీణకున్నట్టే, ఏ స్వరం ఎక్కడుందో ఆ మెట్లే చెబుతాయి. ఆ కొలతలన్నీ మమత కాగితం మీద ముద్రించి తెచ్చింది. ఇత్తడి నుంచి ఇత్తడి దాకా తీగ పొడుగు ముప్పై నాలుగు అంగుళాలు, మధ్యలో ఇరవై మెట్లు.

"గిది మాత్రం వెంట్రుకవాసి తప్పొద్దు బాపు," అని ఒకటికి రెండుసార్లు చెప్పి జనగామ బస్సెక్కింది.

సోమనర్సయ్య కాగితం ముందు పెట్టుకున్నాడు. ముప్పై నాలుగు అన్న అంకె ఆయనకు మింగుడుపడలేదు. దర్వాజా కొలత తీసినప్పుడల్లా ఆయన తండ్రి అది శుభమో అశుభమో చెప్పే ఆయం చూసేవాడు. కొలతను ఎనిమిదితో భాగించాలి, మిగిలిన అంకె ఆయం చెబుతుంది. ముప్పై నాలుగులో ఎనిమిదులు పోతే మిగిలేది రెండు. రెండు ధూమాయం, అంటే పొగ. ధూమాయమున్న దర్వాజాలోంచి నడిచే ఇంట్లో పొయ్యి సరిగా రాజుకోదని, మనుషులకు మనసు కుదురుండదని నమ్మకం. తనతో గొడవపడి ఊరంతా తన మీద చాడీలు చెప్పినవాళ్లకు కూడా ఆయన ఎన్నడూ ధూమాయంలో దర్వాజా చెయ్యలేదు. అట్లాంటిది కన్నబిడ్డకు పొగ కొలత పెడతాడా? చెయ్యి రాలేదు. ఒక్క అంగుళం కలిపితే ముప్పై ఐదు. మిగిలేది మూడు, సింహాయం. బిడ్డ సింహంలా ఉంటుంది.

కలిపిన అంగుళాన్ని ఎక్కడ పెట్టాలి? తలుపు ఎత్తు పెరిగితే పెరిగింది మొత్తం ఒక్క పలకకే ఇవ్వరు, అన్ని పలకలకూ సమానంగా పంచుతారు. అట్లా పంచితేనే కంటికి నిండుగా ఉంటుంది. అంగుళాన్ని ఇరవై మెట్లకూ సమానంగా పంచాడు. గాడులు కోసి, మెట్లు దిగగొట్టి, అంచులు నున్నగా ఆకురాయి పట్టాడు. మమతకు చెబితే నవ్వుతుందని చెప్పలేదు. ఆ సాయంత్రం ఎన్నడూ లేనిది కట్టమ్మను అడిగి మరీ రెండోసారి చాయ పెట్టించుకున్నాడు.

శనివారం మమత వచ్చింది. గిటారును చూసి దాని నడుము మీద చెయ్యి వేసి నిమిరింది. పసుపుపచ్చని గుమ్మడిటేకు, నల్లని జిట్రేగి, మిలమిలలాడే ఇత్తడి. తీగలు బిగించి ఒళ్లో పెట్టుకుంది. మొదటిసారి ఒక గిటారు ఆమె ఎడమచేతికి ఎదురు తిరగలేదు. కింది మెట్ల మీద మీటింది, ముఖం వెలిగింది. వేళ్లు మెల్లగా పైకి నడిచాయి. సోమనర్సయ్య చెవులతో కాదు, కళ్లతో కూతురి ముఖాన్నే వింటున్నాడు. సగం దాటాక ఆమె కనుబొమల మధ్య ఒక చిన్న ముడి పడింది. ఇంకా పైకి పోయింది, ముడి బిగిసింది. వేళ్లు వెంటనే కిందికి వచ్చేశాయి.

"ఎట్లున్నది?"

"మస్తున్నది బాపు."

ఆయన దవడ ఆనించాడు. మోత వచ్చింది. ఎంత బాగా వచ్చిందంటే, వాల్యా కొట్టంలో విన్న ఆ 'ఊఁ' లోపలికొచ్చి పక్కన కూర్చున్నట్టే ఉంది. కానీ మమత అవే నాలుగు స్వరాలు, మళ్లీ అవే నాలుగు. వాకిట్లోకి వచ్చిన చుట్టం గడప దగ్గరే నిలబడి లోపలికి రానట్టు. ఇంతేనేమో అనుకున్నాడు. గిటారు చప్పుడు వినబడుతోంది, బిడ్డ మాత్రం వినబడటం లేదు.

మమత దాన్ని జనగామ తీసుకుపోయేది, శనివారాలు తెచ్చేది. దసరా దగ్గర పడుతున్న రోజుల్లో ఒక ఆదివారం పొద్దున ఆయన గిటారుకు నూనె రాద్దామని ఎండలోకి తెచ్చాడు. తలుపులు చేసిన మనిషి, ఇంట్లోవాళ్లు తలుపును ఎక్కడ పట్టుకుని తెరుస్తారో మరకను చూసి చెప్పగలడు. కింది మెట్లు వేళ్లు రాసుకుని రాసుకుని తళతళ మెరుస్తున్నాయి. పై మెట్లు తను ఆకురాయి పట్టిన రోజు ఎట్లా ఉన్నాయో అట్లాగే ఉన్నాయి. లోపలికి పోయి మమతను పిలుచుకొచ్చి ఆ మెట్ల మీద వేలు పెట్టి చూపించాడు.

"నువ్వు గిటు దిక్కు వస్తలేవు. ఎందుకొస్తలేవు?"

"గిట్లనే అలవాటు బాపు."

"నాకు చెవులు లేవుగని కండ్లు సుత లేవనుకున్నవా?"

మమత తల దించుకుంది. తర్వాత తండ్రికి పెదాలు కనబడేలా ఎదురుగా కూర్చుని నిదానంగా చెప్పింది. పైకి పోయినకొద్దీ స్వరం తప్పుతోందని. ఎంత పైకి పోతే అంత తప్పుతోందని.

"ముప్పై నాలుగే పెట్టినవా?"

"ధూమాయం వచ్చింది బిడ్డా. అంగుళం కలిపిన. అన్నిటికి సమంగ పంచిన."

ఆమె నవ్వలేదు. నవ్వి ఉంటే ఆయనకు బాగుండేది.

"తలుపు పలకలు గాదు బాపు," అంది. "ఒక్కొక్క మెట్టు ముందటిదానికన్న చిన్నగైకుంట పోవాలె. ఒక లెక్క ప్రకారం. సమంగ పంచితె ఆ లెక్క చెడిపోతది."

ఆయన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. సిగ్గనిపించింది. సిగ్గును మించి దుఃఖం వచ్చింది. తన చేతి తప్పు తనకు వినబడలేదు. అది విన్నది బిడ్డ ఒక్కతే. విని, తన ముఖం చూసి, మస్తున్నదని చెప్పి, ఇన్ని వారాలూ గడప దగ్గరే నిలబడింది.

"మల్ల చేస్త," అన్నాడు.

"జిట్రేగి ఏది మల్ల చెయ్యనీకి?"

లేదు. అంత ముక్క ఇక ఎక్కడా లేదు. పాత గాడుల పక్కనే కొత్త గాడులు కోస్తే పలక పెళ్లలు లేచిపోతుంది. సోమనర్సయ్య లేచి పట్టకారు తెచ్చుకున్నాడు. తీగలు విప్పాడు. ఒక్కొక్క మెట్టు పట్టి లాగేశాడు. మమత వద్దనలేదు, కట్టమ్మ వచ్చి వద్దంది, ఆయన వినలేదు. ఇరవై గాడులూ నోళ్లు తెరుచుకుని కనబడ్డాయి. ఆయన వాల్యా దూలంలో మిగిలిన ముక్కను తీసి సన్నని పుల్లలు చీల్చి, జిగురు పెట్టి ఆ గాడుల్లో దిగగొట్టాడు. మధ్యాహ్నానికి ఆరాక రందా పట్టాడు. నల్లని పలక మీద పసుపుపచ్చని గీతలు తప్ప చేతికి తగిలేదేమీ లేదు. పారేసే ముందు కూడా చెక్కను శుభ్రం చేసి పారేసే మనిషి. అప్పటికీ దాన్ని ఏం చెయ్యాలో ఆయనకు తెలియదు.

మమత మాత్రం ఆ పలకనే చూస్తూ ఉంది.

"మెట్లు లేని గిటార్లు ఉంటయి బాపు," అంది. "మస్తు కష్టం. వేలు ఏడ పెట్టాల్నో చూపెట్టేటిది ఏది ఉండది. చెవే చెప్పాలె. నాకు భయమై ఎన్నడు పట్టలె."

తీగలు మళ్లీ బిగించింది. వేలు తీగ మీద పెట్టి మీటి, ఎత్తకుండానే పైకి జరిపింది. మెట్టు మీంచి మెట్టు మీదికి దూకే స్వరం కాదది. జారుతూ, సాగుతూ, మనిషి నోరు మూసుకుని గొంతులో పాడుకున్నట్టు వచ్చింది. కట్టమ్మ వంటింట్లోంచి తొంగి చూసింది, ఇంట్లో ఎవరు పాడుతున్నారా అని.

"జర దవడ పెట్టు బాపు," అంది మమత.

సోమనర్సయ్య గిటారు కొమ్ముకు దవడ ఆనించి కళ్లు మూసుకున్నాడు. అడుగు నుంచి ఒక మోత లేచి పైకి సాగింది, సాగినంత సాగి కిందికి వాలింది. మళ్లీ పైకి, మళ్లీ కిందికి. ముందుకు, వెనక్కి. కుడిచెయ్యి దానంతట అదే ఒళ్లో కదిలింది, రందా పట్టినట్టు. ఎక్కడో విన్నాడు దీన్ని. కలలోనా? కలలో కూడా లేదిది. చెక్కపొట్టు వాసన ముక్కుకు తగిలింది, రందా పిడి చల్లదనం అరచేతికి తగిలింది. కళ్లు తెరిచాడు.

"గిది నీకెవలు నేర్పిన్రు?"

"నువ్వే."

"నేను ఎన్నడో ఇడిసిపెట్టిన గద."

"నువ్వు ఇడిసిపెట్టినవు, నాకు యాదికున్నది. సామిల్లు నుంచి వచ్చి రందా పడితివి, నోరు మూసుకునే పడితివి. నువ్వు పాడుతవేమోనని నేను తలుపు పక్కపొంటి కూసునేదాన్ని. మస్తు రోజులు కూసున్న బాపు."

ఇన్నాళ్లూ తానొక్కడే బిడ్డ గొంతు పోగొట్టుకున్నాననుకున్నాడు. బిడ్డ కూడా అటువైపు తన గొంతు కోసం కూర్చుని ఉందని ఎన్నడూ తోచలేదు.

మమత మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంది. ఆయన దవడ తియ్యలేదు. గొంతు సవరించుకుని, ఎట్లా వస్తుందో తెలియక, అయినా తీశాడు ఆ కూనిరాగం. ఏళ్ల తరబడి తన గొంతు తాను వినని మనిషి. ఆ రాగం ఏ స్వరం మీదా నిలబడలేదు. ఒక స్వరానికి కొంచెం పైన, ఇంకోదానికి కొంచెం కింద తడబడుతూ నడిచింది. మెట్లున్న గిటారు ఏదైనా సరే, ఆ గొంతును ఎక్కడా కలుసుకోలేకపోయేది. దవడలో రెండు మోతలూ ఒకదానికొకటి తగిలి వణికాయి. ఆ వణుకు ఆయనకు తెలిసింది, తాను తప్పుతున్నానని కూడా తెలిసింది. ఆపబోయాడు.

మమత తల అడ్డంగా ఊపింది. ఆమె వేలు తీగ మీద కొంచెం జరిగింది. ఇంకొంచెం జరిగింది. వణుకు నెమ్మదించింది, ఆగింది. రెండు మోతలూ ఒక్కటై ఆయన తలంతా నిండాయి. ఆయన గొంతు తప్పినచోటికల్లా ఆమె వేలు వెంట వచ్చింది, పైకి పోతే పైకి, కిందికి వస్తే కిందికి. ఇది కలేమోనని సోమనర్సయ్య కూతురి ముఖం చూశాడు. ఎదురుగా ఉన్నది ఏడేళ్ల పిల్ల కాదు.